జూలీ చెవిన పడని మాటలు

సముద్రపుగాలి యింకను లేవక మచిలీపట్టణపు మేడలు వైశాఖమధ్యాహ్నమున కాగుచు, ఇసుకపై ఆరవేసిన వలలనుండి చేపల కంపు వీధులలోనికి వచ్చుచున్న సమయమున, పశువైద్యశాల లోపలిగదిలో జూలీ యను కుక్క నోట గొట్టముతో బల్లపై వెల్లకిల నిద్రించుచుండెను. దాని తలకడ మత్తువైద్యురాలు హైమవతియు, పొట్టకడ ఆమె యన్న శస్త్రవైద్యుడు కోదండపాణియు నిలిచియుండిరి. వాకిట దాని యజమాని, పడవల వడ్రంగి మస్తానయ్య, దాని మెడపట్టీని చేతులలో త్రిప్పుచు కూర్చుండెను.

అన్నాచెల్లెండ్రకు మాటలు లేవు. పూర్వ మొక కుక్క యీ బల్లమీదనే చావగా, కోదండపాణి దాని యజమాని యెదుట తప్పు మత్తుదే యని చెప్పెను. నాటినుండి హైమవతి యతనితో పలుకలేదు. ఆ ఊరిలో కోయుటకు వేరొకడును మత్తిచ్చుటకు వేరొకతెయు లేనందున ఇరువురును ఒక్క బల్లకడనే నిలువవలసివచ్చెను. మొదట కాంపౌండరు ముఖమున మాటాడుకొనిరి. రెండువైపుల దెప్పులను మోయలేక యతడు పని మాని పోయెను. అటుపిమ్మట చెప్పవలసినదెల్ల నిద్రించు జంతువుతో చెప్పుట వారికి అలవాటయ్యెను.

“జూలీ, నీ ప్లీహమున గుమ్మడికాయంత గడ్డ యున్నది. దానిని నేను తీసెదను. నిన్ను లేపువారు ఈసారియైనను లేపుదురేమో చూతము” అనుచు కోదండపాణి పొట్ట కోసెను.

“జూలీ, నీ పొట్టలో చేతులు పెట్టినవారు నోరు పెట్టకున్న చాలును” అని హైమవతి బదులు చెప్పెను.

కొంతసేపటికి కుక్క రక్తపోటు దిగజొచ్చెను. హైమవతి యంత్రమును వెంటనే నమ్మక, పోటు కొలుచు కాలిపట్టీని సరిచూచి, తొడలోని నాడిని వ్రేళ్లతో తాకెను. అది దారమువలె నాడుచుండెను. ఆమె మత్తువాయువును తగ్గించెను. కుక్క కాలు కదలెను. తన కత్తికి కాలు అడ్డు వచ్చుచున్నదని కోదండపాణి జూలీకి ఫిర్యాదు చేసెను. సెలైనును వేగముగా నెక్కింపగా పోటు లేచి మరల పడెను. రక్తము పోయినది కొంచెమే. పోటును పెంచు మందును చుక్కలుగా విడిచినను అది నిలువలేదు.

అప్పుడామె పొట్టవైపు చూచెను. అన్న గడ్డను లోపలనే యుంచి దాని అంచున నాళములను ముడివేయుచుండెను. వెల్లకిల నున్న కుక్కకు ఆ గడ్డ బరువంతయు, వెన్నువెంబడి గుండెకు రక్తమును చేర్చు పెద్దసిరపై పడుచుండెను. గుండెకు చేరని రక్తమును గుండె యెట్లు పంపును? ఇక చేయవలసిన చికిత్స ఆమె చేతిలో లేదు.

“జూలీ, నీ గుండెకు పోవు దారిలో ఒకటి యడ్డముగా కూర్చున్నది.”

“జూలీ, తప్పును నా నెత్తిన పెట్టుట అప్పుడే మొదలయ్యెను” అని యతడు తలయెత్తక ముడి బిగించెను.

కుక్కతో చెప్పిన ప్రతిమాటయు దెప్పుగానే వినవలెనని అతనికి నేర్పినది తానే యని హైమవతికి తెలిసెను. వ్రేలిక్రింద నాడి తప్పుచుండెను. జూలీ చనిపోయినచో ఈసారియు తప్పు మత్తుదే యని మస్తానయ్య యెదుట చెప్పబడును. తన చేతి మత్తును ఊరిలో ఎవ్వరును నమ్మరు. అయినను ఆమె కన్నులకు కట్టినది వాకిట మస్తానయ్య చేతులలో తిరుగు మెడపట్టీయే.

“అన్నయ్యా, గడ్డను వెలుపలికి తీయుము. పెద్దసిర నలుగుచున్నది.”

కోదండపాణి తలయెత్తి ఆమె ముఖమును చూచెను. దారము విడిచి, రెండుచేతుల గడ్డను ఎత్తి పొట్ట వెలుపల తడిగుడ్డపై నుంచెను. అంకెలు మెల్లగా పైకి వచ్చెను. నాడి ఆమె వ్రేలిని తట్టెను. కుట్లు ముగియువరకు ఎవ్వరును కుక్కతోనైన మాటాడలేదు.

చేతులు కడుగుకొని కోదండపాణి వాకిటికి పోయెను. గడ్డ పోయినదనియు, నడుమ మత్తువలన కొంత చిక్కు కలిగినను తాను దానిని చక్కబరచితిననియు మస్తానయ్యతో చెప్పుట లోపలికి వినవచ్చెను. హైమవతి నోటికి బదులు వచ్చెను. ఆమె అలవాటుచొప్పున బల్లవైపు తిరిగెను.

జూలీ కన్నులు తెరచి చెవులు నిక్కించి ఆమెనే చూచుచుండెను. వినుచున్న దానితో ఆ బదులు చెప్పలేక, ఆమె కట్టు విప్పి నోటి గొట్టమును మెల్లగా వెలుపలికి తీసెను.