లాంగ్ బెల్ వేళకు ఎవరి మెడలో

నేను ఒక చెక్కముక్కను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, పైన రెండు చిల్లులు, వాటిలో చెమటతో నల్లబడిన జనపతాడు. ప్రస్తుతం సెయింట్ బ్లాండినా స్కూలు వెనక, సిస్టర్లకు వేణ్ణీళ్ళు కాచే పొయ్యి పక్కన, కట్టెల కుప్పమీద పడి ఉన్నాను. అయ్యో పాపం అనకండి. మీ అయ్యోపాపాలు నాకొద్దు. మీలాంటివాళ్ళు అడిగితేనే నన్ను తయారు చేశారు, మీలాంటివాళ్ళ పిల్లల మెడల్లోనే తొమ్మిదేళ్ళు వేలాడాను. పొయ్యిలోకి పోయేముందు నాలుగు మాటలు చెప్పి పోతాను, ఇష్టమైతే వినండి.

పుట్టుకతో నేనేం చెడ్డదాన్ని కాదు. ఈ ఊరి పాత చర్చిలో పాపసంకీర్తనం చెప్పుకునే పెట్టె ఒకటుండేది. లోపల ఫాదరుగారు, బయట మోకాళ్ళమీద మనిషి, మధ్యలో చిల్లుల కిటికీ. ఆ కిటికీ కింద పలకను నేను. నలభై ఏళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ పాపాలన్నీ ముందు నా మొహానే పడ్డాయి. పాలల్లో నీళ్ళు కలిపినవాడు, అత్తకు గంజి పోసి తను పెరుగన్నం తిన్నావిడ, పొలంగట్టు మూరెడు జరిపి పైగా పక్కవాడి మీదే కేసు పెట్టిన పెద్దమనిషి, అందరూ తెలుగులోనే చెప్పుకున్నారు. క్షమాపణ కూడా తెలుగులోనే దొరికింది. పరలోకం దారిలో భాష అడ్డం వచ్చిందని ఒక్కరూ చెప్పగా నేను వినలేదు.

కొత్త చర్చి కట్టాక కొత్త పెట్టె వచ్చింది, పాతదాన్ని స్కూలు షెడ్డులోకి తోశారు. ఆ యేడే కేరళ నుంచి సిస్టర్ లియోనిల్లా హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చారు. ఆవిడ వచ్చిన నెలకే తండ్రులు గుంపుగా ఆఫీసు ముందు నిలబడ్డారు. "బజారు రోడ్డులో కొత్త స్కూలు పిల్లలు టకటకా ఇంగ్లీషు మాట్లాడేత్తన్నారు సిస్టర్. మావోడి నోట్లోంచి తెలుగు ముక్క రాకుండా చెయ్యండి" అన్నాడు ఒకాయన. ఆ మాట తెలుగులోనే అన్నాడు లెండి, ఇంకో భాష వస్తేగా!

సిస్టర్ వడ్రంగి శౌరయ్యను పిలిపించి, ఒక కాగితం మీద ఇంగ్లీషులో ఒక వాక్యం రాసిచ్చారు. శౌరయ్యకు తన పేరు రాయడమే కష్టం. అయినా పాత పెట్టెలోంచి నన్ను కోసి, నున్నగా చిత్రిక పట్టి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు తెల్లరంగుతో దించాడు. "ఇది బైబిల్లో వాక్యమా సిస్టర్?" అని భయభక్తులతో అడిగాడు. సిస్టర్‌కు తెలుగు అర్థమైందో లేదో, తల ఊపారు. ఆ అమాయకుడు నన్ను కళ్ళకద్దుకుని మరీ అప్పగించాడు. నామీద రాసి ఉన్నదేమిటంటే, 'నేను ఇవాళ ఇంగ్లీషు మాట్లాడలేదు' అని.

ఇక నా కాపురం మొదలైంది. పొద్దున అసెంబ్లీలో మరియమాత గుహ ముందు జపం అయ్యాక, తెలుగు మాట్లాడుతూ మొదట దొరికినవాడి మెడలో నన్ను వేస్తారు. వాడు ఇంకొకడు మాట్లాడగా పట్టుకుంటే ఆ రెండోవాడి మెడకు మార్చవచ్చు. అలా డ్రిల్లులో, అన్నాల గంటలో, సంగీతం క్లాసులో మెడలు మారుతూ తిరిగి, సాయంత్రం లాంగ్ బెల్ కొట్టేసరికి నేను ఎవరి దగ్గరుంటే వాళ్ళ పేరు పుస్తకంలో పడుతుంది. మర్నాడు అసెంబ్లీలో వాళ్ళు అందరి ముందూ నన్ను వేసుకుని నిలబడాలి.

నా వల్ల పిల్లలు ఇంగ్లీషు నేర్చుకున్నారనుకుంటున్నారా? నేర్చుకున్నవి రెండే. నోరు మూసుకోవడం, పక్కవాడి నోటి దగ్గర చెవి పెట్టడం. ప్రాణస్నేహితుడి కాలు బూటుతో తొక్కేవారు, వాడి నోట్లోంచి 'అమ్మా' అని రావాలని. వచ్చిందో, తాడు వాడి మెడలో పడ్డట్టే. అమ్మా అన్నా తెలుగే, అబ్బా అన్నా తెలుగే. ప్రతి నెలా తొలి శుక్రవారం కాథలిక్కు పిల్లల్ని పాపసంకీర్తనానికి తీసుకుపోయినప్పుడు మాత్రం నాకు సెలవు. ముసలి ఫాదరుగారికి ఇంగ్లీషులో పాపాలు చెబితే వినిపించవట! ఒకసారి ఒకడు నన్ను చొక్కా లోపల దాచుకుని వెళ్ళి, "తెలుగు మాట్లాడాను ఫాదర్" అని ఏడ్చాడు. "అదేం పాపంరా నా తండ్రీ?" అన్నాడాయన. బయట బెంచీ మీద కూర్చున్న పిల్లలకు ఆ మాట వినిపించి ఉంటే బాగుండేది, వినిపించలేదు.

సిస్టర్ లియోనిల్లా గురించి ఒక్కటి ఒప్పుకోవాలి. తనకో న్యాయం, పిల్లలకో న్యాయం అనే మనిషి కాదు. వచ్చిన యేడే ఒకరోజు అసెంబ్లీకి రెండు నిమిషాలు ఆలస్యమైతే వెళ్ళి లేటుగా వచ్చిన పిల్లల వరసలో నిలబడ్డారు. స్కూలంతా నోరెళ్ళబెట్టింది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆవిడ మెడనే చూస్తూ ఉన్నాను. అంత నీతిమంతురాలి మెడలో ఒక్కసారి వేలాడాలని నాకు కసి. పాపాల పెట్టెలో పలకను పట్టుకొచ్చి పసివాళ్ళ గొంతుకు ఉరితాడు కట్టిన మనిషిని ఎందుకు ద్వేషించకూడదు, చెప్పండి?

ఇప్పుడు లూర్దు సంగతి. స్కూలు ఆయా ఆరోగ్యమ్మ మనవరాలు. తల్లి లేని పిల్ల. ఆరోగ్యమ్మ కాళ్ళావేళ్ళా పడితే ఆరో క్లాసులో సీటిచ్చారు, ఒక షరతు మీద. ఇంట్లో ఇంగ్లీషు వినని పిల్ల కాబట్టి ఏడాదిలో మూడుసార్లు పేరు పడితే టీసీ ఇచ్చేస్తారు. పిల్ల చురుకైనది. లెక్కల్లో ఫస్టు, నీతిబోధలో ఫస్టు. కానీ ఇంగ్లీషొక్కటే నోట్లో నలిగేది. జూలైలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పేరు పడిపోయింది. ఆ తర్వాత ఆ పిల్ల స్కూల్లో నోరు తెరవడమే మానేసింది.

అసలు చిక్కంతా అమ్మమ్మతోనే. ఆరోగ్యమ్మకు తెలుగు తప్ప మరో ముక్క రాదు, మనవరాలు కనిపిస్తే పలకరించకుండా ఉండలేదు. అందుకని ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. ఈవిడ అడుగుతుంది, ఆ పిల్ల తలాడిస్తుంది. అన్నం తిన్నావటే? ఆడింపు. తలనొప్పి తగ్గిందటే? ఆడింపు. గేటు దాటాక, ఇద్దరికీ మాట మొదలయ్యేది.

అక్టోబరులో ఒక శుక్రవారం. జపమాల మాసం కదా, సిస్టర్లు జపం చేసుకునే చాపెల్‌నంతా కడుగుతున్నారు. ఆరోగ్యమ్మ స్టూలు ఎక్కి వరండా కిటికీలు తుడుస్తోంది. వెనక పిల్ల నడిచిన చప్పుడు గుర్తుపట్టింది.

"ఏమే లూర్దూ, అన్నం తిన్నావటే?"

పిల్ల తలాడించింది. వీపు తిప్పి ఉన్నావిడకు తల ఎలా కనిపిస్తుంది?

"నిన్నే. తినలేదా? కడుపులో నొప్పేమన్నా వచ్చిందా తల్లీ?" అంటూ ఆవిడ స్టూలు మీద గబుక్కున వెనక్కి తిరగబోయింది. స్టూలు ఊగింది.

"తిన్నా అమ్మమ్మా! తిరగబాక, పడతావ్!" అని పిల్ల అరిచింది.

స్తంభం పక్కన ఏడో క్లాసు లీడరు సుకీర్తి ఉంది. అప్పటికి నేను ఒక మూడో క్లాసు పిల్లాడి మెడలో ఉన్నాను. సుకీర్తి వాడికి చెయ్యూపింది. వాడు పరుగున వచ్చి నన్ను లూర్దు మెడలో పడేసి, బతికాను దేవుడా అని ఎగిరి గంతేశాడు.

ఇంకా రెండు పీరియడ్లున్నాయి. లూర్దు నన్ను వేసుకుని స్కూలంతా తిరిగింది. ఎవరూ నోరు విప్పలేదు. పిల్లలకు సంగతి తెలుసు, లూర్దును చూసి పెదాలు బిగించుకుని పక్కకు తప్పుకున్నారు. ఎవరి కాలో తొక్కవే పిచ్చిదానా అని నేను గింజుకున్నాను. తొక్కలేదు. లాంగ్ బెల్‌కు పదినిమిషాలుందనగా ఆఫీసు వరండా దగ్గరకు వచ్చింది. లోపల్నుంచి ఏడుపు వినిపించింది.

సిస్టర్ లియోనిల్లా ఫోను చెవికి ఆనించుకుని, గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో తెలీదు. "అమ్మచ్చీ... ఎండె అమ్మచ్చీ..." అని మలయాళంలో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. తల్లి పోయిందన్న కబురది, మలయాళం రానివాళ్ళకీ తెలిసిపోయే ఏడుపు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో లూర్దు, మెడలో నేను.

నామీద ఏం రాసి ఉంది? తెలుగు మాట్లాడాను అని రాసి లేదు. ఇంగ్లీషు మాట్లాడలేదు అని రాసి ఉంది. మలయాళమైనా ఒకటే! ఆ సంగతి ఆ పిల్లకూ తెలుసు, రాసిచ్చిన మనిషికీ తెలుసు. లూర్దు నన్ను మెడలోంచి తీసి రెండు చేతుల్తో పట్టుకుంది. సిస్టర్ నావంక చూశారు. ముసుగు సర్దుకుని, మెడ వంచారు.

అబ్బ! తొమ్మిదేళ్ళు కాచుకున్న మెడ, బెత్తెడు దూరంలో. వెయ్యవే, వెయ్యి, నీ చదువు నిలబడుతుంది వెయ్యి అని నా ఒళ్ళంతా అరిచింది.

"వద్దులే సిస్టర్" అంది లూర్దు, తెలుగులో, మెల్లిగా. "మీ అమ్మ చనిపోయింది గదా." అని తాడు మళ్ళీ తన మెడలోనే వేసుకుంది.

లాంగ్ బెల్ మోగింది. సుకీర్తి పుస్తకం పట్టుకుని వచ్చింది, వెనకాలే ఇద్దరు టీచర్లు, వాళ్ళ వెనక బస్సుకు నిలబడిన పిల్లలు. సిస్టర్ కళ్ళు తుడుచుకున్నారు. ఇవాళ బోర్డు ఎవరిదని సుకీర్తి ఇంగ్లీషులో అడిగింది. సిస్టర్ పెన్ను తీసుకుని చాలాసేపు కాగితం మీద పెట్టి ఉంచారు. లేటు వరసలో అందరి ముందూ నిలబడ్డ మనిషే కదా, ఇప్పుడూ నిలబడుతుందనుకున్నాను. చివరికి లూర్దు పేరే రాశారు.

ఆలస్యంగా రావడంలో ఆవిడకు సిగ్గు లేదు. తల్లిని తల్లి భాషలో పిలిచానని పదిమందిలో ఒప్పుకోవడానికి మాత్రం మెడ వంగలేదు. నేను ఏ మనిషినీ క్షమించను గానీ, ఆవిడను అసలు క్షమించను.

మర్నాడు టీసీ కాగితం మీద ఆరోగ్యమ్మ వేలిముద్ర వేసింది. పరీక్ష తప్పానని మనవరాలు చెప్పిన అబద్ధం నమ్మింది. వేలికి అంటిన సిరా కొంగుకు తుడుచుకుంటూ, "మీ అమ్మగారు పోయారంటగా సిస్టరుగారూ. ఎన్నేళ్ళొచ్చినా తల్లి తల్లేగా. కాస్త ఏవన్నా తిని వెళ్ళండమ్మా" అంది. సిస్టర్ బల్లమీది నుంచి కళ్ళెత్తలేదు. ఆ సాయంత్రమే రైలెక్కి ఊరెళ్ళి, పదిరోజులకు తిరిగొచ్చారు. వచ్చిన రోజునే మేకుకు వేలాడుతున్న నన్ను తీసుకెళ్ళి స్వయంగా కట్టెల్లో పడేశారు. ఆవిడ మారిందనుకుంటున్నారా? వారం తిరక్కుండా ప్లాస్టిక్‌ది ఒకటి తెప్పించారు. ఎర్ర అక్షరాలు, పచ్చ రిబ్బను. నన్ను చూడలేకపోయారంతే, నాలాంటిది లేకుండా స్కూలు నడపలేకపోయారు.

ఇప్పుడు సాయంత్రం. లూర్దు మున్సిపాలిటీ స్కూలు నుంచి వచ్చి, అమ్మమ్మ పని అయ్యేదాకా వెనక గేటు బయట కూర్చుంటుంది. ఆరోగ్యమ్మ సిస్టర్ స్నానానికి నీళ్ళు కాస్తోంది. కట్టెల్లో చెయ్యి పెట్టి నన్ను తీసింది, అక్షరాలు చూసి ఆగింది. అక్షరమున్నది కాల్చకూడదని ఆవిడకో నమ్మకం.

"లూర్దూ, పిల్లల మెడల్లో వేలాడే చెక్కేగా ఇది, ఏం రాసుందో చూడవే. దేవుడి వాక్యమేమన్నానా?"

గేటు ఊచల్లోంచి ఆ పిల్ల నన్ను చూసింది. గుర్తుపట్టకుండా ఉంటుందా?

"కాదమ్మమ్మా. నేను ఇవాళ ఇంగ్లీషు మాట్లాడలేదు, అని రాసుంది."

"ఓసి, ఇంతేనా!" అంది ఆరోగ్యమ్మ. "దానికి చెక్క కోసి, రంగేసి రాసుకోవాలటే? నేను పుట్టినకాణ్ణించీ మాట్లాడలా!"

లూర్దు నవ్వింది. నవ్వి నవ్వి ఊచలకు నుదురు ఆనించింది, భుజాలు మాత్రం ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆరోగ్యమ్మ తాడు తెంపి, నన్ను పొయ్యిలోకి తోసింది.

"నీళ్ళు కాగుతున్నాయి సిస్టరుగారూ, రండి" అని కిటికీలోంచి కేకేసింది.