ఒబాతా తలకాయ గోల్

ఆ ఆదివారం పొద్దున్నే నెగిషి ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటింది. భార్య సత్సుకి ఊరుకుంటుందా! వీధి వీధంతా వినపడేలా కొలత కప్పుతో డబ్బా అడుగు గీకింది.

"ఏవండోయ్ స్ట్రైకర్ గారూ! బియ్యం అయిపోయాయి."

"కొనుక్కురా."

"కొనాలా? మీరు గోల్స్ కొట్టే రోజుల్లో బియ్యం కొన్న పాపాన పోయానా నేను?"

నిజమే మరి. అకనుమ జట్టు తరఫున ఎవరు గోల్ కొట్టినా రైతు సంఘంవాళ్ళు ఓ బియ్యం మూట ఇస్తారు. ఒకప్పుడు నెగిషి ఇంట్లో మూటలు మెట్ల కింద పట్టక వరండాలోకి వచ్చేవి. ఈ ఏడాది ఒక్క మూటా రాలేదు. ముప్ఫయ్యారేళ్ళొచ్చాయి, మెట్లెక్కితే మోకాళ్ళు కిర్రుమంటున్నాయి. నిన్న క్లబ్బు పెద్ద తోగాషి పిలిచి, టీ పోసి మరీ చెప్పాడు: "రేపు సీజన్లో ఆఖరి ఆట. నీ పేరు మీద ఒక్క గోల్ పడితే ఇంకో ఏడాది ఉంచుకుంటా. లేదంటే పూలగుత్తి ఇచ్చి సాగనంపుతా."

తోగాషి చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆ పూలగుత్తికి అప్పటికే ఆర్డర్ ఇచ్చేశాడు. పూలకొట్టావిడ నోరు ఊరుకోక నెగిషికి చెప్పేసింది. అది విన్నప్పట్నుంచీ అతనికి ఒళ్ళు మండిపోతోంది.

స్టేడియం నడవాలో అడుగు పెట్టాడో లేదో, "నమస్కారం అన్నా!" అన్న కేకకి గోడలు అదిరాయి. అవతలి జట్టు జెర్సీ వేసుకున్న భారీ మనిషొకడు నడుం విరిగిపోయేలా వంగి నిలబడ్డాడు.

"ఒరేయ్, ఒబాతా! నువ్వా?"

హైస్కూల్లో నెగిషి ఫుట్‌బాల్ కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఒబాతా మొదటి ఏడాది కుర్రాడు. పై తరగతి వాళ్ళ సంచులు మోయడం, బూట్లు తుడవడం, పరుగెత్తుకెళ్ళి నూడుల్స్ బన్ను పట్టుకురావడం, ఇవన్నీ కిందవాళ్ళ పనులు. నెగిషి "బూట్లు!" అని అరిస్తే చాలు, ఒబాతా ఎక్కడున్నా సరే చేతులు తొడలకి ఆనించి, తల వంచి, "చిత్తం అన్నా!" అనాల్సిందే. ఇప్పుడు పేరున్న డిఫెండర్, ఇద్దరు పిల్లల తండ్రి. ఈ వేసవిలోనే ఆ జట్టులో చేరాడట.

"ఇవాళ నన్ను కాసేది నువ్వేనా?"

"నేనేనన్నా. మన్నించాలి."

"కాస్త చూసీచూడనట్టు పోరా తమ్ముడూ."

"అది కుదర..." అనబోయి ఒబాతా నాలిక్కరుచుకున్నాడు. "చూస్తానన్నా."

ఏం చూశాడు, నా మొహం! ఆట మొదలైంది మొదలు జిడ్డులా పట్టుకున్నాడు. "మన్నించాలన్నా!" అంటాడు, కాళ్ళ దగ్గర బంతి లాక్కుపోతాడు. "దెబ్బ తగిలిందా అన్నా?" అంటాడు, మళ్ళీ పడేస్తాడు. మర్యాదకి ఏ లోటూ లేదు. నెగిషికే గోల్ వైపు కన్నెత్తి చూసే అదృష్టం లేదు. రెండు జట్లూ సున్నా. టైము అయిపోవస్తోంది. మైదానం పక్కన తోగాషి కుర్చీ కింద పూలగుత్తి కనబడుతోంది.

అప్పుడు అకనుమకి కార్నర్ కిక్ దొరికింది. బంతి గాల్లోకి లేచింది. ఒబాతా ఎగరబోతున్నాడు. నెగిషికి ఏ దయ్యం పట్టిందో, పాత కెప్టెన్ గొంతు ఎక్కణ్ణుంచో తన్నుకొచ్చింది.

"ఒబాతా! బూట్లు!"

"చిత్తం అన్నా!"

ఎగరాల్సిన మనిషి నిటారుగా నిలబడి, చేతులు తొడలకి ఆనించి, తల వంచేశాడు. రెఫరీ మాత్రం నెగిషి బూటు ఊడిందేమో అనుకున్నాడు. బంతి నెగిషి ముందే పడింది. అడ్డం ఎవరూ లేరు. జన్మలో ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు. తీరా తన్నేసరికి మోకాలు కిర్రుమంది, బంతి పక్కదారి పట్టింది. పోయి పోయి వంగి ఉన్న ఒబాతా నడినెత్తిన తగిలి, గిర్రున తిరిగి వలలో పడింది.

స్టేడియం హోరెత్తిపోయింది. మైకులో మాత్రం "గోల్! ఒబాతా! సెల్ఫ్ గోల్!" అని వినిపించింది.

ఆట ముగియగానే తోగాషి అధికారుల గదిలోకి పరుగెత్తాడు. బంతి ఎలాగూ లోపలికే పోయేదైతే గోల్ నెగిషి పేరు మీదే రాయాలి కదా అని వాదన. ఒబాతానీ నెగిషినీ పిలిపించారు. ఒబాతాని వాళ్ళ కోచ్ పచ్చిగా నమిలేసేలా చూస్తున్నాడు.

"లోపలికే పోతోందండీ! కళ్ళారా చూశాను!" అన్నాడు ఒబాతా.

"తల వంచుకుని ఎలా చూశావయ్యా?" అన్నాడు ఒక అధికారి.

ఒబాతాకి చెమటలు పట్టాయి. "అన్న కొడితే లోపలికే పోతుందండీ."

తోగాషి నెగిషికి కన్ను గీటాడు. ఊ అంటే చాలు, ఇంకో ఏడాది ఆట. నెగిషికి ఆ ఊ గొంతుదాకా వచ్చింది. కానీ అంత పెద్ద మనిషి చేతులింకా తొడలకే ఆనించి ఉండడం చూసేసరికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"అది కార్ల స్టాండ్ వైపు పోతోందండీ," అన్నాడు. "గోల్ నాది కాదు. తప్పు మాత్రం వీడిది కాదు, నాది. బూట్లని అరిచింది నేను."

అవతలి కోచ్ గొంతు సవరించుకున్నాడు. "నేనూ ఒకప్పుడు పై తరగతి వాళ్ళ బూట్లు తుడిచినవాణ్ణే. ఆ కేక వినగానే బెంచీ మీంచి నేనూ లేచి నిలబడ్డాన్లే," అని గొణిగి, ఒబాతా వీపు తట్టి వెళ్ళిపోయాడు.

రైతు సంఘం ఆడవాళ్ళు పట్టిన పట్టు విడవలేదు. మన జట్టుకి పడిన గోలే కదా, మైకులో ఎవరి పేరు పలికితే వాడికే మూట అన్నారు. ఒబాతా భుజాన బియ్యం మూట, నెగిషి చేతిలో పూలగుత్తి. ఇద్దరికీ ఫొటో తీశారు. నెగిషి నవ్వుతూనే ఉన్నాడు. ఇంక ఆట లేదు.

బయట సత్సుకి కారు దగ్గర ఎదురుచూస్తోంది. ఒబాతా తిన్నగా వచ్చి డిక్కీ తెరిచాడు.

"ఆగరా! అది నీ మూట. ఇదే నా ఆఖరి ఆజ్ఞ. మీ ఇంటికి పట్టుకుపో."

ఒబాతా చేతులు తొడల మీదికి వెళ్ళాయి. నోరు తెరుచుకుంది. "చిత్..." అని ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కుదరదన్నా."

"ఏమన్నావ్?"

"కుదరదు." మూట లోపల పడేసి డిక్కీ ధడాలున మూశాడు. ఒక అడుగు వేసి వెనక్కొచ్చి నెగిషి చేతిలోంచి పూలగుత్తి లాక్కున్నాడు. "ఇది మా ఆవిడకి కావాలి," అని పారిపోయాడు.

"ఎవరండీ ఆ పొగరుబోతు?" అంది సత్సుకి.

"మా తమ్ముడు," అన్నాడు నెగిషి కళ్ళు తుడుచుకుంటూ, నవ్వాపుకోలేక. "ఇవాళే నా మాట వినడం మానేశాడు."