ఎర్తు తీగ

బాత్రూంలో కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని మా ఆవిడ వారం రోజులుగా పోరు పెడుతోంది. నేను వెళ్లి ముట్టుకుంటే ఏమీ లేదు. కాళ్లకి రబ్బరు చెప్పులున్న సంగతి అప్పుడు నా బుర్రకి తట్టలేదు. నీ నరాల బలహీనత అని తేల్చేశాను. ఈ ఇంట్లో స్విచ్చు దగ్గర్నుంచి పైపు దాకా అన్నీ నా చేతి పనే మరి. ప్రాణం పోయాక నీ పనితనం నేనేం చేసుకోను అని ఆవిడ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది.

వీళ్ల సంగతి నాకు తెలీదా? ఒకటి బిగించడానికొచ్చి రెండు వదులు చేసి పోతారు, మళ్లీ పిలుస్తామని. అందుకే అతను స్టూలెక్కిన దగ్గర్నుంచి కళ్లలో ఒత్తులు వేసుకుని నిలబడ్డాను. గీజర్ మూత విప్పి ఒక స్క్రూ జేబులో వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నట్టు? మీటరేదో పెట్టి పెదవి విరిచాడు. ఆ విరుపు వీళ్లకి ట్రైనింగులోనే నేర్పిస్తారని నా అనుమానం. ఇక గీజరే మార్చాలంటాడు చూడు అనుకున్నాను.

కాయిల్‌ నుంచి కొద్దిగా కరెంటు లీకవుతోందన్నాడు. అనుకున్నంతా అయింది! కానీ అతను అక్కడితో ఆగలేదు. ఆకుపచ్చ తీగ పట్టుకుని గోడవారగా పోయి, కిటికీలోంచి బయటికి తొంగిచూశాడు.

"లీకైన కరెంటు భూమిలోకి పోవాలి కదండీ. ఈ ఎర్తు తీగని నీళ్ల పైపుకి చుట్టారు. అది చూస్తే ప్లాస్టిక్ పైపు. ఎవరు చేశారు?"

నేను మొదట చుట్టినప్పుడు అది ఇనప పైపే. పోయినేడు తుప్పు పట్టిందని నేనే పీకేసి ప్లాస్టిక్‌ది వేసి, వేలాడుతున్న తీగని మళ్లీ దానికే చుట్టాను. ఎవరో పాత ఎలక్ట్రీషియన్ అన్నాను. మా ఆవిడ నా మొహంలోకే చూస్తోంది. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకుంటున్నాను.

"ఆయన ఇంకెక్కడైనా ఇలాగే చేశాడేమో కనుక్కోండి. ఒళ్లు తడిగా ఉంటే మనిషి పోతాడు," అన్నాడతను కొత్త తీగ లాగుతూ.

రెండు వీధుల అవతల మా చెల్లెలిల్లు. అక్కడ పైపులు మార్చిందీ నేనే, తీగ చుట్టిందీ నేనే. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చని అతని ముందే ఫోన్ చేశాను. గీజర్ స్విచ్ ఆపెయ్యమ్మా, కుళాయి ఎవరూ ముట్టుకోవద్దు, తప్పు నాదే అని గడగడా చెప్పేశాను.

చెల్లెలు స్విచ్ ఆపి వచ్చింది.

"పిల్ల రోజూ చెబుతూనే ఉంది అన్నయ్యా, కుళాయి షాక్ కొడుతోందని. మామయ్య చేసిన పనిలో తప్పేముంటుంది, స్నానం ఎగ్గొట్టడానికి సాకులా అని పొద్దున కూడా రెండు తగిలించాను."

దానికోసారి ఫోనివ్వమన్నాను. తీసుకుంది.

"నేను నిజమే చెప్పాను మామయ్యా," అంది.