గుట్టకింది వాన

రెండోసారి కూడా వాన గుట్టకింది చేలోనే పడింది.

కన్నమ్మ అప్పుడు వాగు ఒడ్డున తన చేలో నిలబడి ఉంది. మధ్యాహ్నం మూడింటికి గోదావరి దిక్కు నుంచి లేచిన మబ్బు నల్లగా, బరువుగా నెత్తిమీదికి వచ్చింది. ఎండుటాకులు సుడి తిరిగి లేచాయి. ఉరిమింది. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, ముఖం పైకెత్తి నిలబడింది. నాలుగు చినుకులు పడ్డాయి కూడా. అంతలోనే గాలి తిరిగింది. మబ్బు పక్కకు జరిగి, కిలోమీటరు అవతల గుట్టకింద ఉన్న ప్రమీల చేను మీద కుమ్మరించింది. వాన చప్పుడు ఇక్కడికి వినబడుతూనే ఉంది. తడిసిన మట్టి వాసన కూడా వచ్చింది. నీళ్ళు మాత్రం రాలేదు.

ఇంటికి పోతూ చూస్తే, రోడ్డు మీద కల్వర్టు దగ్గర గీత గీసినట్టు తడి ఆగిపోయింది. అవతల బురద, ఇవతల దుమ్ము.

ప్రమీల ఆమెకు తోడికోడలు. కన్నమ్మ భర్త జంపయ్యకు తమ్ముడైన సతీష్ భార్య. బూర్గంపాడు పోయే దారిలో, అడవి అంచున ఉన్న రేలగుంపు అనే చిన్న ఊళ్ళో రెండిళ్ళూ పక్కపక్కనే. మామ పోయాక మూడేళ్ళ కింద భూమి పంచుకున్నప్పుడు అత్త కన్నమ్మను పిలిచి, "పెద్దకోడలివి, ముందు నువ్వే కోరుకో" అంది. కన్నమ్మ ఆలోచించకుండా వాగు ఒడ్డు చేను అడిగింది. అది నల్లరేగడి. వాగులో నీళ్ళుంటే ఇంజను పెట్టుకోవచ్చు. గుట్టకింది రాళ్ళ చెలక చిన్నకోడలికి పోయింది. ప్రమీల ఒక్క మాట అనలేదు. మొదటి రెండేళ్ళు రాళ్ళు ఏరి గట్ల మీద పోసుకుంది, అంతే.

ఈ ఏడు వాగు మాఘంలోనే ఎండింది. ఇసుకలో చెలమ తవ్వితే బిందె నిండడానికి గంట పడుతోంది. నల్లరేగడి చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చింది. వేసవిలో ఒకటి రెండు గాలివానలు పడితే తప్ప ఆ నేల నాగలికి లొంగదు. అటు రాళ్ళ చెలక మాత్రం రెండు వానలకే గుల్లబారి, దుక్కికి వచ్చింది.

"బావా, రేపు పత్తి పెడుతున్నం. ఒక చెయ్యి వెయ్యరాదూ" అని ప్రమీల పిలిస్తే జంపయ్య సంతోషంగా పోయాడు. సాయంత్రం కాళ్ళకు ఎర్రమట్టి అంటించుకుని వచ్చిన భర్తను చూసి కన్నమ్మ గిన్నె ఠంగున కింద పెట్టింది.

"మన చేను మొకం జూస్తివా ఇయ్యాల?"

"మన చేన్ల ఏముందే చూడ్డానికి? వాన పడితె మనదీ దున్నుకుందాం. వాళ్ళకు పడ్డది, పోయిన."

"అవ్, వాళ్ళకు పడ్డది. అన్నీ వాళ్ళకే పడతయ్."

జంపయ్యకు ఆ మాటలో వాన కన్నా వేరే ఏదో ఉందని అర్థమై, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

వేరే ఏదో నిజంగానే ఉంది. ప్రమీల ఈ ఇంటికి రాక ముందు పద్నాలుగేళ్ళు కన్నమ్మ ఒక్కతే ఆ సంసారం మోసింది. మామకు పక్షవాతం వస్తే ఎత్తి కూర్చోబెట్టింది ఆమె. తునికాకు కోసి, కట్టలు కట్టి సతీష్‌ను చదివించింది ఆమె. ప్రమీల వచ్చిన ఆరు నెలలకే ఊరంతా ప్రమీల పేరే. బోరింగు దగ్గర ఆమె నవ్వితే పదిమంది నవ్వుతారు. వేరు పడ్డప్పుడు అత్త, అడగకుండానే, తన మూట తీసుకుని చిన్నకోడలి ఇంట్లోకి పోయింది. కన్నమ్మ ఆ బాధ కూడా మింగింది. ఇప్పుడు వాన కూడా ప్రమీల వైపే పోతుంటే ఆ మింగినవన్నీ గొంతులోకి వచ్చాయి.

పత్తి మొలిచింది. రెండేసి ఆకులతో, సాలు తప్పకుండా మొలిచింది. అత్త ఊళ్ళో కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకుంది. "మా చిన్నదాని చెయ్యి మంచిది. రాళ్ళల్ల గింజేసినా మొలుస్తది" అని కన్నమ్మ వాకిట్లోనే ఎవరితోనో అంటుంటే, లోపల బియ్యం ఏరుతున్న కన్నమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

రోహిణి కార్తె వచ్చింది. ఫోనుకు రోజూ మెసేజి వచ్చేది, ఉరుములు మెరుపులతో వర్షం పడే అవకాశం ఉంది, చెట్ల కింద ఉండవద్దు అని. కన్నమ్మ దాన్ని కూతురు చేత రెండుసార్లు చదివించుకునేది. మధ్యాహ్నం కాగానే చేనుకు పోయి గట్టు మీద కూర్చునేది. ఎండకు కళ్ళు మండేవి. దూరంగా మెరిసేది. ఇల్లందు దిక్కు పడుతోందని ఒకరు, భద్రాచలంలో వీధులు పారాయని ఒకరు చెప్పేవారు. ఇక్కడ వేడిగాలి తప్ప ఏమీ లేదు.

ఊరి ఆడవాళ్ళు కప్పతల్లి ఆట ఆడారు. రోకలికి వేపమండలు చుట్టి, గుడ్డలో కప్పను కట్టి, ఇంటింటికీ తిరిగారు. రోకలి ఒక కొస ప్రమీల భుజం మీదే ఉంది. కన్నమ్మ వాకిట్లోకి వచ్చి, "పొయ్యక్కా, నిండు బిందె పొయ్యి, నీ చేన్లనే పడాలె ఈసారి" అంది నవ్వుతూ. కన్నమ్మ చెలమ నుంచి తెచ్చిన బిందె ఎత్తి కప్ప మీద పోసింది. నీళ్ళు ప్రమీల జుట్టు మీదా, మెడ మీదా కారాయి. అందరూ కేకలు వేశారు. ఆ కేకల మధ్య కన్నమ్మ మనసులో మొక్కుకుంది: నాకు పడకపోయినా మంచిదే, దాని చేన్ల మాత్రం ఇంక పడొద్దు.

మొక్కుకున్నాక తనకే భయం వేసింది. అయినా ఆ మొక్కు వెనక్కి తీసుకోలేదు.

మూడోరోజు పొద్దున కట్టెలకు పోయి వస్తూ గుట్టకింది చేను పక్కగా నడిచింది. నడవాల్సిన పని లేదు, దగ్గరి దారి వేరే ఉంది. చుట్టూ ఎండిపోయిన లోకంలో ఆ ఒక్క చేను పచ్చగా ఉంది. సతీష్ చేను చుట్టూ రేగుకంప నాటి, దారి దగ్గర ఒక పెద్ద కంప అడ్డంగా వేశాడు. ఎండాకాలం ఊరి పశువులను ఎవరూ కట్టెయ్యరు, అవి మేత కోసం తిరుగుతూనే ఉంటాయి. నాలుగు ఆవులు అప్పటికే దూరంగా, ఎండిన గడ్డి మొదళ్ళు కొరుకుతున్నాయి.

కన్నమ్మ కట్టెలమోపు దించింది. అటూ ఇటూ చూసింది. కంప మొదలు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ముల్లు అరచేతిలో దిగింది. ఆవు దూరేంత సందు కాగానే వదిలేసి, మోపు ఎత్తుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది.

మధ్యాహ్నానికి ప్రమీల ఏడుపు వినబడింది. సగం చేను పోయింది. ఆవులు మేసినంత మేసి, తొక్కినంత తొక్కాయి. ఊళ్ళోవాళ్ళతో పాటు కన్నమ్మ కూడా పోయి చూసింది. పోకపోతే బాగుండదని పోయింది.

"నీకు లక్షసార్లు చెప్పిన, కంప గట్టిగ ఎయ్యమని!" ప్రమీల మొగుడి మీద విరుచుకుపడింది. "ఎప్పుడూ గింతే. ఏ పనీ మంచిగ చెయ్యవు."

"వేసిన. మొన్ననే తొక్కి మరీ వేసిన," అన్నాడు సతీష్.

"వేస్తే ఎట్ల పోయింది? గాలికి ఎగిరిందా?" అత్త కూడా కొడుకునే తిట్టింది. సతీష్ కాసేపటికి ఎదురు చెప్పడం మానేశాడు. తాను సరిగా వెయ్యలేదేమో అని తనకే అనుమానం వచ్చినట్టు, ఆ కంప దగ్గర కూర్చుని ఉండిపోయాడు.

ఆ సాయంత్రం కన్నమ్మకు అన్నం రుచించింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది. అది నిజం. మరునాడు పొద్దున బోరింగు దగ్గర సతీష్ తలవంచుకుని నీళ్ళు పట్టుకుంటూ, "వదినా, నీ బిందె ముందు పెట్టు" అని తన బిందె తీశాడు. తాను తునికాకు కోసి చదివించిన పిల్లవాడు. కన్నమ్మ బిందె నిండక ముందే ఎత్తుకుని ఇంటికి వచ్చేసింది. అరచేతిలో ముల్లు గుచ్చుకున్న చోట వాచింది. జంపయ్య అడిగితే కట్టెల ముల్లు అని చెప్పింది.

ఇంకో రెండు రోజులకు, సందెవేళ, ఉత్తరం నుంచి గాలి లేచింది. ఎవరూ ఆశపడలేదు. ఉన్నట్టుండి పెద్ద పెద్ద చినుకులు పెంకుల మీద రాళ్ళు విసిరినట్టు పడ్డాయి. కన్నమ్మ వాగు ఒడ్డుకు పరుగెత్తింది. తన చేలో వాన పడుతోంది. నెర్రెల్లోకి నీళ్ళు గుడగుడ దిగుతున్నాయి. ఆమె గట్టు మీద నిలబడి తడిసింది, నవ్వింది, ఏడ్చింది. గంటసేపు కురిసింది. ఈసారి కల్వర్టుకు అవతల దుమ్ము మిగిలింది. ఎద్దుకు ఒక కొమ్ము తడిసి ఇంకో కొమ్ము తడవని వాన అంటారు, అట్లాంటిది.

జంపయ్య ట్రాక్టరు బాబూరావుకు ఫోను చేశాడు. ఐదు రోజుల దాకా ఖాళీ లేదన్నాడు. సొంత ఎద్దుల్లో ఒకటి కిందటేడే పోయింది. ఐదు రోజుల ఎండకు రేగడి మళ్ళీ బండ అవుతుంది.

తెల్లవారుతుండగా వాకిట్లో ఎద్దుల మెడగంటలు వినబడ్డాయి. కన్నమ్మ బయటికి వచ్చి చూస్తే ప్రమీల, భుజాన నాగలి, చేతిలో పలుపులు.

"జల్దీ రా అక్కా. పదును పోతది."

ఇద్దరూ చేనుకు పోయారు. ప్రమీల నాగలి మేడి పట్టింది. కన్నమ్మ వెనక నడుస్తూ గడ్డి దుబ్బులు ఏరింది. నాగలి కర్రు కింద నల్లమట్టి మెత్తగా తిరగబడుతోంది. ఆరేడు సాళ్ళు అయ్యాక ప్రమీల ఎద్దులను ఆపి, ముఖం తుడుచుకుంది.

"ఒక మాట చెప్పనా అక్కా? కోపం చెయ్యకు. నిన్న నీ చేన్ల వాన చూస్తే నాకు కడుపు మండింది. అసలే సగం చేను పోయె, మిగిలింది ఎండబట్టె. దేవుడా, గుట్టకింద రెండు చినుకులు రాల్చడానికి నీకేం రోగం అని తిట్టుకున్న. పొద్దుగాల్ల ఎద్దులు తేవద్దనే అనుకున్న." ఆమె నవ్వింది. "మల్ల, అక్కకు ఒక్కటే ఎద్దు గదా అనిపించింది."

కన్నమ్మ చేతిలోని దుబ్బు కింద పడింది. ఈ మంట గురించి ఇట్లా పైకి చెప్పొచ్చని, నవ్వుతూ చెప్పొచ్చని ఆమెకు తెలియదు.

"ప్రమీలా," అంది. వంగి, పడిన దుబ్బు తీసుకుంది. మళ్ళీ అంది, "కంప నేనే తీసిన."

"ఏ కంప?"

"నీ చేను కంప. ఆవులు పోవాలనే తీసిన. సతీష్ మంచిగనే వేసిండు."

ప్రమీల కాసేపు ఆమె ముఖంలోకి చూసింది. అబద్ధమేమోనని వెతికినట్టు చూసింది. కన్నమ్మ వాచిన అరచెయ్యి చాపింది. ప్రమీల ఆ చెయ్యి చూసింది. ఎద్దులను అదిలించి, సగంలో ఉన్న సాలు చివరిదాకా దున్నింది. చివర కాడి విప్పి, నాగలి భుజాన వేసుకుని, ఎద్దులను తోలుకుని వెళ్ళిపోయింది. ముప్పావు చేను దున్నకుండా మిగిలింది.

కన్నమ్మ వెనకే పోయింది. ప్రమీల ఇంటి అరుగు మీద అత్త, సతీష్ చాయ్ తాగుతున్నారు. జంపయ్య కూడా అక్కడే ఉన్నాడు. వాళ్ళందరి ముందూ నిలబడి, చేసినదంతా చెప్పింది. మొక్కు సంగతి కూడా చెప్పింది. అత్త నోటి మీద చెయ్యి వేసుకుంది. జంపయ్య సిగ్గుతో తల దించుకున్నాడు. సతీష్ గ్లాసు కింద పెట్టి, "నేను మంచిగనే వేసిన్నని చెప్పిన గదా" అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియలేదు. లేచి లోపలికి పోయాడు.

"నువ్వు అడిగితే నీ దగ్గరికే వచ్చేదాన్ని గదనే," అంది అత్త ఆఖరికి. "నువ్వు అడగకపోతివి. పెద్దదానికి నేను బరువు అనుకున్న."

కన్నమ్మ సతీష్ వదిలిన గ్లాసు తీసుకుని, కడిగి, అరుగు మీద బోర్లించి పోయింది.

మిగిలిన చేనును ఆమె, జంపయ్య నాలుగు రోజులు పారలతో తవ్వారు. తవ్వగలిగినంత తవ్వి, పత్తి గింజలు పెట్టారు. కన్నమ్మ ఒక చిన్న సంచిలో కొన్ని గింజలు పక్కన పెట్టింది.

మృగశిర కార్తె రెండోరోజు వాన రెండు చేలలోనూ పడింది. మరునాడు పొద్దున్నే కన్నమ్మ ఆ సంచి చంకన పెట్టుకుని గుట్టకింది చేనుకు పోయింది. ప్రమీల, సతీష్ అప్పటికే ఆవులు మేసిన సాళ్ళలో మళ్ళీ గింజలు పెడుతున్నారు. ఆమె సంచి గట్టు మీద దించి, ఎవరినీ అడక్కుండా, ఒక సాలు పట్టుకుని గింజలు పెట్టడం మొదలుపెట్టింది. సతీష్ ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ వంగాడు. ప్రమీల అసలు చూడలేదు. తొమ్మిది రోజులుగా ఆమె కన్నమ్మతో మాట్లాడలేదు.

మధ్యాహ్నం దాకా ముగ్గురూ పనిచేశారు. గుట్ట మీద మబ్బులు దిగుతున్నాయి. కన్నమ్మ నాలుగో సాలులో ఉండగా పక్కసాలు నుంచి ప్రమీల గొంతు, పొడిగా, వినబడింది.

"గా సాలు వంకర పోతుంది."

కన్నమ్మ నడుం ఎత్తి వెనక్కి చూసింది. నిజమే, పోతోంది. సాలు మొదటికి నడిచి, మళ్ళీ వంగింది.