నేలకు పడ్డ వెలుగు

పొద్దున్నే అవ్వకు జొన్నరొట్టె, గోంగూరతో చేసిన పుండిపల్య పెట్టి, బయట తాళం వేసి హేమ పనికి పోయేది. అవ్వ పంపమ్మ మతిమరుపుతో రెండుసార్లు దారి తప్పింది. రెండోసారి యరగేర బస్సులో దొరికింది. అప్పటినుంచి ఈ తాళం. లోపల పంపమ్మ కిటికీ ఊచలు లెక్కపెట్టేది, మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టేది.

కరెంటు ఫ్యాక్టరీ బూడిద కాలనీ మిద్దెల మీద తెల్లగా పరుచుకొనేది. ఆ ఇంట్లోకి వచ్చిన వెలుగుకు కూడా బయటికి దారి దొరికేది కాదు. పొద్దు గూకేసరికి మూలల్లో పేరుకొనేది. పంపమ్మ దాన్ని ఊడ్చి చాటకు ఎత్తేది. కరెంటు పోతే పక్కింటి హుచ్చమ్మ వచ్చి, పప్పు ఏరుకొని తిరిగిస్తానని ఒక చాటెడు అడిగి తీసుకుపోయేది.

హేమది కూడా వెలుగు పనే. ఎండ బూడిద పొగలో రేణువు రేణువుకూ తగిలి ఎన్ని దారుల్లో నేలకు దిగుతుందో, ఎక్కడో దూరాన ఉన్న క్వాంటమ్ కంప్యూటర్‌తో లెక్క కట్టించేది. ఆ యంత్రం దారులన్నిటినీ ఒక్కసారే కలిపి తూచేది. అయినా మిద్దె మీది మీటరు చూపే వెలుగుకంటే లెక్కలో వెలుగు ఎప్పుడూ తక్కువే.

ఒక సాయంత్రం పంపమ్మ చేతిలోంచి చాట జారింది. వెలుగు బూడిద పట్టిన గడప మీద పడి, పైకప్పుదాకా లేచి, మళ్ళీ కిందికి దిగింది.

"అంత పారబోస్తివి గద అవ్వా."

"యాడికి పోయింది? సూడు, తెల్లటి నేలకు తగిలి ఎట్ల లేస్తున్నదో. నేలకు పడ్డదంత పోయినట్లే అనుకుంటివా?"

లెక్క కట్టేటప్పుడు హేమ అట్లాగే అనుకుంది. పటం చూసి నేలను నల్లరేగడి అని రాసింది. పడిన వెలుగును నేల మింగేస్తుందని వదిలేసింది. మిద్దెల బూడిద దాన్ని పైకి కొడుతుందనీ, పైనున్న పొగ మళ్ళీ కిందికి తోస్తుందనీ తోచలేదు. ఆ రాత్రే లెక్కలో నేలను తెల్లగా మార్చి యంత్రానికి పంపింది. మర్నాడు పొద్దున లెక్క మీటరుతో సరిపోయింది.

హేమ తాళం చేతిలోకి తీసుకుంది. పంపమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నేను గూడ తిరిగొస్తనేమో బిడ్డా. ఒక్కసారి పోనిచ్చి సూడు."

హేమ తాళాన్ని సంచిలో వేసుకొని పనికి పోయింది. సాయంత్రం వచ్చేసరికి గడప నుంచి వీధి చివరి అంగడిదాకా, ముగ్గు పోసినట్టు, చిటికెడు చిటికెడు వెలుగు. దాని పక్కనే బూడిదలో పాదాలు. పోయినవీ, తిరిగొచ్చినవీ.

తలుపుకు లోపలి గడియ పెట్టి ఉంది.

"ఎవరది?"

"నేను, హేమను."

గడియ తీసి పంపమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "పొద్దున తాళం ఎయ్య మరిస్తివి. నాకంటె నీకే ఎక్కువైంది మతిమరుపు."

"అవును అవ్వా," అంది హేమ. "రేపు గూడ మరుస్త."