మరమగ్గం గొంతు

తన బర్త్‌డే మ్యూజియంలోనే చెయ్యాలని మా అమ్మాయి పూజిత పట్టుబట్టినప్పుడు నాకేమీ అనిపించలేదు. తీరా పుట్టినరోజు పొద్దున్నే మా నాయన నగరి నుంచి చెప్పాపెట్టకుండా దిగాక గుబులు మొదలైంది.

మా నాయన వెంకటముని నలభై ఏళ్ళు మరమగ్గాలు నడిపాడు. ఆ రొదలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకే ఆయన మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. పూజిత కొత్త బడిలో చేరి మూడు నెలలు. ఇన్నాళ్ళకు ఆరుగురు స్నేహితులు కుదిరారు. వాళ్ళ ముందు దాని పరువు పోతుందేమోనని నా భయం. నా పరువు కూడా, దాచడమెందుకు.

“నాయనా, ఆడ గట్టిగా మాట్లాడకూడదు,” అన్నాను కారులో. “అసలు మాట్లాడకపోతే ఇంకా మంచిది.”

“నేనెందుకు మాట్లాడతానమ్మా, సూసేదానికి వస్తాండా!” అన్నాడు. పక్క స్కూటరు మీద పోతున్నవాడు ఉలిక్కిపడి చూశాడు.

చంద్రగిరి దారిలో ఉన్న ఆ మ్యూజియంలో పాత నాణేలు, కత్తులు, బట్టలు ఉంటాయి. వెనక గదిని పుట్టినరోజులకు ఇస్తారు. నేను ఒక్క చోట నిలవలేకపోయాను. కేకు వచ్చిందా, పిల్లలు ఆరుగురూ ఉన్నారా, నాయన ఎక్కడ? ఆయన, పాపం, చేతులు వెనక్కి కట్టుకుని నోరు మెదపకుండా తిరుగుతున్నాడు.

“ఎవరండీ ఆయన?” అని పూజిత స్నేహితురాలు హబీబా వాళ్ళమ్మ అడిగింది.

“మా ఊరాయన, తోడు వచ్చారు,” అనేశాను. పక్కనే పూజిత ఉంది. మాట దిద్దుకుందామనుకునేలోపు కేకువాడు ఫోన్ చేశాడు. ఆ తర్వాత దిద్దుకోలేదు.

బట్టల గదిలో తాడు కట్టి, దాని వెనక ఒక పాత పట్టుచీర వేలాడదీశారు. తాకరాదని బోర్డు. నాయన ఎంతసేపు ఆపుకున్నాడో, చివరికి వంగి అంచును రెండు వేళ్ళ మధ్య నలిపి, తిరగేసి చూశాడు. ఎంత మంచి బట్టయినా వెనక వైపు చూడందే ఆయనకు తోచదు.

కాపలా ధనంజయ పరుగెత్తుకొచ్చాడు. “ఓ పెద్దాయనా, చెయ్యి తియ్! ఎవురితో వచ్చినాడప్పా ఈయన?”

పిల్లలంతా తిరిగి చూశారు. “మీ తాతా?” అని హబీబా పూజితను అడిగింది.

పూజిత నా వైపు చూసింది. తర్వాత మెల్లగా, “మా అమ్మ వాళ్ళ ఊరాయన,” అంది.

నాయన గదికి ఆ చివర ఉన్నాడు. ఆయనకు వినబడే వీలే లేదని ఊపిరి పీల్చుకున్నాను. మరుక్షణం గుర్తొచ్చింది. మగ్గాల షెడ్డులో ఎవరూ చెవులతో వినరు, పెదవులు చూసి తెలుసుకుంటారు. చిన్నప్పుడు నేను గుమ్మంలో నిలబడి, గొంతు పెగల్చకుండా ‘నాయనా, అన్నం’ అంటే ఆ మూల నుంచి తలూపేవాడు. ఇప్పుడు ఆయన పూజిత పెదవులనే చూస్తున్నాడు. ఇందాక నావీ చూసే ఉంటాడు.

ధనంజయకు చేతులు జోడించి ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. షెడ్డు బయట మా నాయన మాట నాకు వినబడకపోవడం అదే మొదలు. పెదవులు చూసి తెలుసుకున్నాను. ‘తప్పైపోయిందప్పా, నేను బయట కూసుంటా.’

ఆ మాట అని తలుపు వైపు నడిచాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. కోపం నా మీదే. ఆయన వీపు నా వైపు ఉంది, ఇక పెదవులతో పని కాదు.

“నాయనా!”

షెడ్డు గొంతు. అది నాలో ఇంకా ఉందని నాకే తెలియదు. హబీబా వాళ్ళమ్మ చేతిలో జ్యూస్ తొణికింది. పూజిత తల దించుకుంది.

“యాడికి పోతావు నాయనా? నీ మనవరాలు కేకు కొయ్యాల! రా ఈడికి!”

నాయన ఆగి, వెనక్కి తిరిగాడు. కళ్ళు తుడుచుకుని, వేలు పెదవుల మీద పెట్టి, చప్పుడు లేకుండా అన్నాడు: ‘ఈడ గట్టిగా మాట్లాడకూడదమ్మా.’