లంకల ట్రిప్పు

"దేవుడి గదిలోకి మాత్రం రాకమ్మా, నీ దగ్గర చేపల కంపు" అని అత్తగారు అన్నప్పుడల్లా బాలసరస్వతి నవ్వి ఊరుకునేది. ఆటో కడిగేది తనే మరి. కొల్లేటి లంకల్లోంచి చేపలమ్మే ఆడవాళ్లను ఏలూరు మార్కెట్టుకు చేర్చే ఆ పొద్దుటి ట్రిప్పు ఆమె ఆలోచనే. కిరాణా కొట్టు మూతపడి భర్త పురుషోత్తం గోడకేసి చూస్తూ కూర్చున్న రోజుల్లో, చేపల బుట్టలుంటే బస్సు ఎక్కనివ్వడం లేదని చేపలమ్మే పెద్దింట్లమ్మ తమ వీధిలోకొచ్చి వాపోతుంటే విన్నది ఆమె. ఆటో కొని నడపమన్నదీ, ఫోన్లు చేసి మనుషుల్ని కుదిర్చిందీ ఆమే. తీరా నాలుగు రాళ్లు కనబడ్డాక, ఇంటికొచ్చిన వాళ్లతో "నాకు తట్టిందండీ" అని పురుషోత్తం చెబుతుంటే ఆమె కాఫీలు కలిపి అందించింది.

ఈ వేసవి తర్వాత అతనికి పెదపాడు కాన్వెంట్ పిల్లల ట్రిప్పు దొరికింది. చేపల వాసనకు పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరన్నాడు. లంకల ట్రిప్పు మానేశాడు. వాళ్లెలా వస్తారండీ అని ఆమె అడిగితే, మనం రాకముందు రాలేదా అన్నాడు. ఆమె బకెట్టు తీసుకుని ఆటో కడగడానికి వెళ్లింది.

లంకల ఆడవాళ్లు, చేపల చెరువులకు మేత దింపి ఖాళీగా తిరిగొచ్చే వ్యాను ఎక్కడం మొదలెట్టారు. ఒక వాన పొద్దున గట్టు మలుపులో పెద్దింట్లమ్మ వ్యాను వెనకనుంచి జారి పడిపోయింది. ప్రాణంతో ఆస్పత్రికి చేరనేలేదు.

"మన ఆటోలో కాదు. అదృష్టం" అన్నాడు పురుషోత్తం, ఇడ్లీ తింటూ. అత్తగారు దేవుడి గది వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు.

బాలసరస్వతి ఎవరికీ చెప్పకుండా లంకకు వెళ్లింది. పెద్దింట్లమ్మ కూతురు రమ్యశ్రీ చాప వేసి కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. "ఆ రోజు కూడా అమ్మ మీ ఆటో కోసమే చూసిందండీ. మీరు చెబితే అయ్యగారు వింటారంది. చాలాసేపు చూశాకే వ్యాను ఎక్కింది" అంది.

భర్తకు తను గట్టిగా చెప్పనేలేదన్న సంగతి ఆ పిల్లకు తెలియదు.

ఇంటికి రాగానే ఎక్కడికెళ్లావని పురుషోత్తం అడిగాడు. ఆమె చెప్పింది. చావింటికి వెళ్లొచ్చి నేరుగా లోపలికి వచ్చేశావేంటని అత్తగారు విసుక్కున్నారు. బాలసరస్వతి అక్కడే కూర్చుంది.

"మన ఆటో అయ్యుంటే ఆవిడ బతికుండేదండీ" అంది మెల్లగా. "లంకల ట్రిప్పు ఇక నేను వేస్తాను. నడపడం మీరు నేర్పుతారా, స్టాండులో ఎవరినైనా అడగనా?"